పద్దెనిమిది కొంగల పుస్తకం

నల్లపాడు,
నవంబరు 9.

ఒసేయ్ ఆరాధనా,

ఉత్తరం రాస్తున్నాను, నవ్వకు. పోస్టాఫీసులో కవరు అడిగితే కౌంటరు దగ్గరాయన నన్ను ఎగాదిగా చూసి, "ఉద్యోగానికి అప్లికేషనా అమ్మా?" అన్నాడు. "కాదండీ, ఫ్రెండుకి ఉత్తరం" అన్నాను. పక్క సీటాయన్ని పిలిచి మరీ చూపించాడు నన్ను.

ఏం చేయమంటావు? నీకు ఫోన్ చేసి చేసి నా వేళ్ళు అరిగిపోయాయి. మొదట్లో మోగేది, ఇప్పుడు అదీ లేదు. చివరికి మీ అత్తయ్యగారి నంబరు సంపాదించి చేశాను. "బానే ఉందమ్మా, తింటంది, పొద్దున్నే పొలాల మీదికి పోయి కొంగల్ని చూసుకుంటంది. ఫోన్ మాత్రం బీరువాలో పెట్టి తాళమేసింది" అన్నారు. బీరువాలో ఎందుకే, బావిలో పడేయకపోయావా!

మీ పెళ్ళికి వచ్చినట్టే, శ్యామ్ పోయాక ఆదరణ కూడికకీ వచ్చానుగా, నీకు గుర్తుందో లేదో. పాస్టరుగారు మాట్లాడారు, పెద్దలు మాట్లాడారు, వచ్చిన ప్రతివాళ్ళూ నీ చెయ్యి పట్టుకుని ఒకటే మాట చెప్పారు. నా వంతూ వచ్చింది. నువ్వు నా వంక చూసి, బస్సులో ఎక్కడో కనిపించిన మనిషిని చూసినట్టు తలూపావు. చీరాల కాలేజీలో మూడేళ్ళు ఒకే బెంచీ మీద కూర్చున్నాం. కప్పని నేను పట్టుకుంటే నువ్వు కోశావు. ఆ తలూపడం చూసి నాకు భయం వేసింది, ఉన్నమాట చెప్తున్నాను.

ఆ రోజు ఏం జరిగిందని అడగను. ఎలా ఉన్నావనీ అడగను. ఆ కొంగల గురించి రాయి చాలు. ఇక్కడ ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్పి చెప్పి, బతికున్న జంతువు ఎలా ఉంటుందో మర్చిపోయాను. మా అమ్మకీ చదివి వినిపిస్తాను. జవాబు రాయకపోతే ఇలాంటివి వారానికొకటి వచ్చి పడతాయి, ఆలోచించుకో.

నీ
సిద్దికా


అడవిపాలెం,
నవంబరు 23.

సిద్దికాకి,

నీ ఉత్తరం అందింది. ఫోన్ అయితే వెంటనే ఏదో ఒకటి అనాలి. ఉత్తరానికి అక్కర్లేదు. అందుకని రాస్తున్నాను.

బాగానే ఉన్నాను. ఏడుపు రావడం లేదు. అది మంచిది కాదని అత్తయ్య చర్చిలో నా కోసం ప్రార్థన చేయించింది. నన్ను నిలబెట్టి అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను ఫ్యాన్ వంక చూస్తూ నిలబడ్డాను.

నువ్వు అడగనన్నావు కాబట్టి ఒక్క ముక్కలో చెప్తాను. పత్తికి మందు కొట్టి వచ్చాడు. మందు ఎక్కింది. చీరాల ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి ఆలస్యమైంది. అంతే.

కొంగల సంగతి. పోయిన ఏడాది జూన్‌లో యూనివర్సిటీ నుంచి శ్రీకృష్ణగారని ఒక ప్రొఫెసరు వచ్చారు. మన పొలాల్లో తిరిగే మామూలు తెల్లకొంగలే, పద్దెనిమిదింటిని పట్టించి, కాళ్ళకి రంగు రింగులు వేశారు. ఒక్కోదానికి రెండు రింగులు, ఏ రెండింటికీ ఒకే జత ఉండదు. చూసి రాసే పని నాకిచ్చారు. ఆదివారం తప్ప రోజూ ఉదయం ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా. ఒక్కో కొంగని పది నిమిషాలు చూడాలి. ఎక్కడ మేస్తోంది, ఏం తింటోంది, నిమిషానికి ఎన్నిసార్లు పొడిచింది. ఒక రోజుకి ఒక పేజీ. "గుంపుని చూడకండి అమ్మా, గుంపుని అందరూ చూస్తారు. ఒక్కొక్కదాన్నీ చూడండి" అన్నారు.

ఆయన తేల్చుకోవాలనుకున్నది ఒకటే. కొంగలన్నీ తిండి ఎటుంటే అటు పోతాయా, లేక ఒక్కోదానికి సొంత పద్ధతి ఉండి దాన్నే పట్టుకుని ఉంటుందా? ఉంటే ఎంతకాలం?

రింగుల రంగులు నోరు తిరగడం లేదని శ్యామ్ వాటికి పేర్లు పెట్టాడు. ఎరుపు-నీలం పేరు డ్రైవరు. కోటేష్ ట్రాక్టరు వెనక రోటవేటర్ పళ్ళకి జానెడు దూరంలో నడుస్తుంది. మట్టి తిరగబడగానే పురుగు దాని నోట్లో ఉంటుంది. నిమిషానికి ముప్ఫైసార్లు పొడుస్తుంది, అందులో సగం ఉత్తివే. పసుపు-పసుపు పేరు గుమాస్తా. బుల్లయ్య బాబాయి గేదెల్లో ఒక్కదాని వెంటే తిరుగుతుంది, అదీ ఎడమ ముందుకాలి పక్కనే. గేదె అడుగు వేస్తే మిడత లేస్తుంది, అది పడుతుంది. ట్రాక్టరు పక్కనుంచి పోయినా తల తిప్పదు. ఆకుపచ్చ-తెలుపు పేరు పాస్టరుగారు. కాలవ గట్టు మీద ఒక్కడే నిలబడతాడు. పది నిమిషాలకి ఒక కప్ప. ఆ ఒక్కటీ తప్పదు.

తెలుపు-ఎరుపు పేరు టూరిస్టు. అది పొలాల్లో ఉండదు. పొద్దున్నే పన్నెండు కిలోమీటర్లు ఎగిరి వాడరేవు పోతుంది. అక్కడ చేపలు ఎండబెట్టే పందిళ్ళ కింద ఈగలు పట్టుకుంటుంది. దాని కోసం ప్రతి మంగళవారం నేను బస్సెక్కి వాడరేవు పోవాలి. ఆ రోజు పేజీ దానొక్కదానికే. శ్యామ్ ఉన్నప్పుడు బండి మీద దింపేవాడు.

ఇంతే. మీ అమ్మగారికి వందనాలు చెప్పు.

ఆరాధన


నల్లపాడు,
డిసెంబరు 14.

ఆరాధనా,

నీ ఉత్తరం మా ఇంట్లో మూడుసార్లు చదివాం. మా అమ్మ పాస్టరుగారి పార్టీ. "ఆ ఒక్కటీ తప్పదు" అన్నచోట మళ్ళీ చదవమంది. మా అన్నయ్య ఖలీల్ డ్రైవరు పార్టీ, వాడి బండి నడపడం కూడా అలాగే ఉంటుంది. నేను మాత్రం టూరిస్టు. పొలం నిండా తిండి పెట్టుకుని ఈగల కోసం సముద్రం దాకా పోయే తిక్క నాకు నచ్చింది.

క్లాసులో పిల్లలకి చెప్పాను. ఒకమ్మాయి లేచి, "మేడం, కొంగకి అంత తెలివి ఉంటుందా, పరీక్షలో ఏం రాయాలి?" అంది. పరీక్షలో తెల్లకొంగ కీటకాహారి అని రాసి కూర్చోమన్నాను. ఏం చేయను, సిలబస్సులో కొంగలన్నీ ఒకటే కొంగ.

వచ్చే ఆదివారం కాలేజీ వాళ్ళు ప్రాక్టికల్స్ పేరు చెప్పి మమ్మల్ని వాడరేవు తీసుకెళ్తున్నారు. గవ్వలు ఏరి బజ్జీలు తిని రావడమే అసలు ప్రాక్టికల్. నేను మాత్రం టూరిస్టుని వెతుకుతాను. ఏ పందిరి కిందో రాయి.

నువ్వు రాసినదాంట్లో ఒక్కచోట నాకు ఏడుపొచ్చింది. ఎక్కడో చెప్పను. ఇంకా రాయి.

సిద్దికా


అడవిపాలెం,
జనవరి 4.

సిద్దికాకి,

ఆలస్యమైంది. నీ వాడరేవు ప్రయాణం అయిపోయే ఉంటుంది. లైట్‌హౌస్ వైపు చివరి పందిరి, ఆదెమ్మది. టూరిస్టు ఎప్పుడూ అక్కడే. మొన్న మంగళవారం కూడా అక్కడే ఉంది. నిమిషానికి పదకొండు ఈగలు.

ఇక్కడ మిరపకోతలు మొదలయ్యాయి. డ్రైవరు ఎప్పటిలాగే ట్రాక్టరు వెనక. గుమాస్తా ఎప్పటిలాగే గేదె పక్కన. పాస్టరుగారు గట్టు మీద. నీకు చెప్పని వాటిలో దొంగ అని ఒకటుంది, వేరేవాటి నోట్లోంచి లాక్కుంటుంది. అదీ అంతే.

డిసెంబరులో శ్రీకృష్ణగారు వచ్చి ఒక పూట ఉన్నారు. పొలంలో నాలుగు కొంగలే కనిపించాయి. "మిగతావి మీ పుస్తకంలో ఉన్నాయిగా" అని పుస్తకం జిరాక్సు తీయించుకుని పట్టుకెళ్ళారు. మొన్న అత్తయ్య ఫోన్‌కి చేశారు. చాలా సంతోషంగా ఉన్నారు. ఇంత నిలకడగా తమ పద్ధతి పట్టుకున్న పక్షుల్ని ఎక్కడా చూడలేదట. రుతువులు మారినా, పంటలు మారినా మారలేదట. ఏప్రిల్‌లో పెద్ద సభ ఉంది, అక్కడ ఈ సంగతే చెప్తారట. నా పేరు కూడా చెప్తానన్నారు. మార్చిలో వచ్చి అసలు పుస్తకాలు తీసుకుంటారు.

క్రిస్మస్ బాగానే జరిగింది. అత్తయ్య కొత్తచీర ఇచ్చింది. కట్టుకున్నాను.

ఆరాధన


నల్లపాడు,
జనవరి 25.

ఆరాధనా,

ఈ ఉత్తరం నెల రోజుల నుంచి రాయకుండా తిరుగుతున్నాను. ఇవాళ రాయకపోతే ఇక నీకు ఏ ఉత్తరమూ రాయలేను.

నేను డిసెంబరు ఇరవై ఒకటిన వాడరేవు వెళ్ళాను. నీ జవాబు రాకపోయినా కనిపించినవాళ్ళనల్లా అడుగుతూ వెళ్ళి ఆదెమ్మ పందిరి పట్టుకున్నాను. చేపలు తిరగేస్తోంది. కాలికి రింగులున్న కొంగ వచ్చిందా అని అడిగాను. "అయ్యో, అదింకెక్కడిదమ్మా! ఈ నెల మొదట్లోనే కుక్క పట్టేసింది. కాలికి ఉన్నయ్యి తీసి దాచా, ఆ పిట్టలమ్మాయి వస్తే ఇద్దామని" అని పందిరి గుంజకి కట్టిన గుడ్డలోంచి తీసి ఇచ్చింది. ఒకటి తెలుపు, ఒకటి ఎరుపు. నా బల్ల మీద ఉన్నాయి ఇప్పుడు.

నీకు వెంటనే రాద్దామనుకున్నాను. ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ ఉండగా నీ నాలుగో తేదీ ఉత్తరం వచ్చింది. మొన్న మంగళవారం కూడా అక్కడే ఉంది, నిమిషానికి పదకొండు ఈగలు అని.

ముందు ఆదెమ్మ పొరబడిందనుకున్నాను. ఆవిడ లెక్కలు నమ్మలేం కూడా. వానాకాలం నుంచీ నువ్వు అటు రాలేదంటుంది. కానీ రింగులు నా దగ్గరున్నాయి కదే! ఏ రెండింటికీ ఒకే జత ఉండదని నువ్వే రాశావు.

నేనెందుకు నోరు మూసుకున్నానో చెప్తాను. నీ ఉత్తరాలు చదువుతుంటే నువ్వు రోజూ లేచి, బయటికి పోయి, లోకాన్ని కళ్ళారా చూస్తున్నావని నాకు ధైర్యంగా ఉండేది. మా అమ్మకీ అదే చెప్పాను. ఆ ధైర్యం పోగొట్టుకోవడం నాకిష్టం లేకపోయింది. స్వార్థమే.

నీ మీద కోపం లేదు. నాకు జవాబు రాయి. లేకపోతే బస్సెక్కి వచ్చేస్తాను.

సిద్దికా


అడవిపాలెం,
ఫిబ్రవరి 22.

సిద్దికాకి,

రావద్దు. రాస్తున్నాను.

అవును, చూడలేదు. డిసెంబరు రెండో వారం నుంచి అనుకుంటాను. రోజూ పొలానికి వెళ్తాను, అది అబద్ధం కాదు. గట్టు మీద కూర్చుంటాను. బైనాక్యులర్ ఒళ్ళో ఉంటుంది. ఎదురుగా తెల్లగా ఏవో కదులుతుంటాయి. తొమ్మిదిన్నరకి లేచి వస్తాను. మంగళవారాలు బస్సెక్కను. ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నం తిన్నాక, రాబోయే వారానికి ఆరు పేజీలూ ఒకేసారి నింపేదాన్ని.

అబద్ధం రాస్తున్నానని అనిపించలేదు. డ్రైవరు ట్రాక్టరు వెనకే కదా పోయేది? గుమాస్తా గేదె పక్కనే కదా? ఏడాది పైగా చూశాను, ఇక చూసేదేముంది అనుకున్నాను. నిమిషానికి ఎన్నిసార్లు అన్నది మాత్రం కాస్త అటూ ఇటూ మార్చేదాన్ని, నిజంలా ఉండాలని. అంటే తెలిసే చేశానన్నమాట.

నీ ఉత్తరం వచ్చాక మానేశాను. ఫిబ్రవరి పేజీలు ఖాళీగా ఉన్నాయి.

ప్రొఫెసరుగారు అంత సంతోషపడ్డది ఆ నిలకడ చూసే కదా. కొంగలు మారతాయా మారవా అని ఆయన అడిగారు. మారవని నేనే మా ఇంట్లో కూర్చుని రాసిచ్చాను. ఏప్రిల్‌లో ఆయన దాన్నే నలుగురిలో చెప్తారు. నేను నిజం చెప్తే ఈ పని పోతుంది. ఇది పోతే ఉదయం లేవడానికి నాకు ఇంకో కారణం లేదు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు, నీకు తప్ప.

ఇంకొకటి ఉంది. నీకు ఒక్క ముక్కలో చెప్పినదే.

ఆగస్టు పద్దెనిమిది, సోమవారం. శ్యామ్ మూడు గంటలకి వచ్చాడు. పత్తికి రెండు మూడు మందులు కలిపి కొట్టారట. తలనొప్పి అన్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. వాకిట్లో మంచం మీద బోర్లా పడుకున్నాడు. మందు కొట్టిన రోజు ఎప్పుడూ అంతే. తలనొప్పి, కళ్ళ నీళ్ళు, పడుకోవడం, చీకటి పడే ముందు లేచి స్నానం. మజ్జిగ కావాలా అని లోపల్నుంచి అడిగాను. పలకలేదు. పలకకపోవడం కూడా మామూలే. మిషన్ మీద జాకెట్లు కుట్టుకుంటూ ఉండిపోయాను. మిషన్ దగ్గర్నుంచి మంచం కనిపిస్తుంది సిద్దికా. తల తిప్పితే చాలు. అయిదున్నరకి బయటికి వచ్చాను. నోటి నుంచి చొంగ కారి దుప్పటి తడిసిపోయి ఉంది. ఊపిరి గుర్రు పెట్టినట్టు వస్తోంది.

చీరాలలో డాక్టరు, "ఎప్పటి నుంచి ఇలా ఉన్నాడు?" అని అడిగాడు. "ఇప్పుడేనండీ, పావుగంట" అన్నాను. మర్నాడు ఉదయం ఎనిమిదింటికి పోయాడు. రెండున్నర గంటలని చెప్పి ఉంటే ఏమన్నా చేసేవారేమో, చేయలేకపోయేవారేమో. నాకు తెలియదు. అత్తయ్య మాత్రం, "నా కోడలు కళ్ళ ముందే ఉండి చూసుకుంది, దేవుడి చిత్తం అట్టా ఉంది" అని ఊరంతా చెప్తుంది. నేను పక్కనే నిలబడి వింటాను.

రింగులు నాకు పంపు.

ఆరాధన


నల్లపాడు,
మార్చి 1.

ఆరాధనా,

ప్రొఫెసరుకి చెప్పొద్దని నాలుగు పేజీలు రాశాను. ఒక కొంగ ముందు చచ్చిందా వెనక చచ్చిందా అన్నదానికి లోకం మునిగిపోదని రాశాను. మా కాలేజీ పిల్లల ప్రాక్టికల్ రికార్డుల్లో సగం పక్కవాడివి చూసి ఎక్కించినవే, నేను ప్రతి ఏడాదీ సంతకం పెడుతూనే ఉన్నానని కూడా రాశాను. మొత్తం చించేశాను. నువ్వు నన్ను సలహా అడగలేదు, రింగులు అడిగావు.

శ్యామ్ విషయంలో నీది తప్పేం లేదని రాయాలని ఉంది. రాస్తే నువ్వు మళ్ళీ నాకు తలూపుతావు. అందుకని రాయను. ఆ ఉత్తరం మా అమ్మకి చదవలేదు. చదివి లోపల పెట్టుకున్నాక ఆ రోజు క్లాసుకి వెళ్ళలేకపోయాను.

రింగులు ఇందులో ఉన్నాయి. దూదిలో చుట్టాను.

సిద్దికా


అడవిపాలెం,
మార్చి 22.

సిద్దికా,

రింగులు అందాయి. శ్రీకృష్ణగారు పద్దెనిమిదో తేదీ వచ్చారు. మా అరుగు మీద కుర్చీ వేశాం. పుస్తకాలు ఆయన ముందు పెట్టి, వాటి మీద రింగులు పెట్టాను.

"టూరిస్టు డిసెంబరు మొదట్లోనే చచ్చిపోయిందండి. నేను జనవరి చివరిదాకా బతికించి రాశాను. మిగతా పదిహేడు కూడా చూడకుండానే రాశాను" అన్నాను.

ఆయన కోప్పడలేదు. ఆ రెండు రింగులూ చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు. తర్వాత, "ఎప్పటి నుంచి అమ్మా?" అన్నారు.

"డిసెంబరు రెండో వారం నుంచండి."

"సరిగ్గా ఏ తేదీ? అది తెలిస్తే దాని ముందువన్నా నిలబెట్టుకోవచ్చు" అని పుస్తకం తెరిచారు.

తెలుసుకోవడం తేలికే. పొలంలో నేను పెన్సిల్‌తో రాస్తాను, మంచుకీ చెమటకీ పెన్ను సరిగా పడదు. ఇంట్లో కూర్చుని నింపినవి పెన్నుతో ఉంటాయి. జిరాక్సులో రెండూ నల్లగానే వచ్చాయి కాబట్టి ఆయనకి తెలియలేదు. అసలు పుస్తకం ఇద్దరం కలిసి వెనక్కి తిప్పడం మొదలుపెట్టాం. జనవరి పెన్ను. డిసెంబరు పెన్ను, రెండో వారమూ మొదటి వారమూ కూడా. నవంబరు పెన్ను. నీకు మొదటి ఉత్తరంలో కొంగల గురించి అంత వివరంగా రాశానే, ఆ నెల ఒక్క పేజీ పెన్సిల్ లేదు. సెప్టెంబరు, అక్టోబరు నేను పనికి వెళ్ళలేదు, ఖాళీ. ఇక శ్యామ్ ఉన్నప్పటివి మొదలవుతాయి, అవి మంచివే అనుకున్నాను. అతను పోయాకే నేను ఇలా అయ్యానని నా నమ్మకం.

ఆగస్టు కూడా పెన్నే.

ఆగస్టు పదిహేడు ఆదివారం. ఆ మధ్యాహ్నం కూర్చుని, రాబోయే వారమంతా నింపి పెట్టాను. నాకు గుర్తు లేదు. చేతిరాత నాదే. పంతొమ్మిది మంగళవారం పేజీలో, వాడరేవు, టూరిస్టు ఆదెమ్మ పందిరి కింద, నిమిషానికి పదకొండు ఈగలు అని ఉంది. ఆ టైములో నేను చీరాల ఆస్పత్రి వరండాలో నిలబడి ఉన్నాను. ఇరవయ్యో తేదీ అతన్ని సమాధి చేశాం. ఆ రోజు ఉదయం పదిహేడు కొంగలూ పొలంలో ఎప్పటిలాగే మేశాయని రాసి ఉంది.

ఇంకా వెనక్కి తిప్పాం. జులై ఆరు ఆదివారం. దాని ముందు రోజు పేజీ పెన్సిల్‌తో ఉంది. మట్టి మరక, చెరిపి మళ్ళీ రాసిన అంకెలు, పక్కన చిన్న అక్షరాలతో, "గుమాస్తా ఇవాళ గేదెని వదిలి కాలవలో దిగాడు, ఎందుకో తెలియదు" అని. నేనే రాశాను. సిద్దికా, ఆ మనిషి అన్నీ చూసేది.

"జులై ఏడు నుంచి సార్" అన్నాను.

ఏప్రిల్ సభకి వెళ్ళనని చెప్పారు. ఈ నెలాఖరుతో నా పని ఆపేస్తానన్నారు, నేనూ సరేనన్నాను. పెన్సిల్ పేజీలు మాత్రం మంచివనీ అవి ఉంచుకుంటాననీ చెప్పి, మిగతావాటి మీద నన్నే "చూడలేదు" అని రాసి సంతకం పెట్టమన్నారు. నూట ఇరవై పేజీలు. ఆయన టీ తాగుతూ కూర్చున్నారు, నేను రాస్తూ కూర్చున్నాను. చూడలేదు, చూడలేదు, చూడలేదు. ఆగస్టు పద్దెనిమిది పేజీ వచ్చింది. దాని మీద కూడా రాశాను.

ఆయన వెళ్ళాక అత్తయ్య వచ్చింది. "అన్నిసార్లు ఏం రాశావే?" అంది. చూడలేదని రాశానని చెప్పాను.

"దేన్ని?"

"కొంగల్ని. ఆ రోజు ఆయన్ని కూడా చూడలేదత్తయ్యా. మూడింటికొచ్చి పడుకున్నాడు. అయిదున్నర దాకా నేను మిషన్ దగ్గర్నుంచి లేవలేదు. డాక్టరుకి పావుగంట అని అబద్ధం చెప్పాను."

తిడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆవిడ గోడకి ఆనుకుని కూర్చుంది.

"నేను రెండుసార్లు వాడి మంచం పక్కనుంచే పోయానే" అంది. "ఒకసారి నీళ్ళబిందెతో, ఒకసారి గేదెకి కుడితి పెట్టను. వాడి కాళ్ళు మంచం బయటికి ఉంటే తగలకుండా తప్పుకొని పోయా. రోజూ అట్టాగే పడుకుంటాడుగా అనుకున్నా. మొహం వంక చూళ్ళా. కన్నదాన్ని, నేను చూళ్ళా. నువ్వు చూసుకున్నావని ఊళ్ళో చెప్పుకుంటా తిరిగింది అందుకేనే. ఎవరో ఒకరం చూశామని ఉండాలి గదా."

ఏడు నెలలు ఒకే పొయ్యి మీద వండుకుని తిన్నాం. ఇద్దరం దాచుకున్నది ఇదే. నాకు ఏడుపొచ్చింది సిద్దికా. ఆవిడ నన్ను ఊరుకోమనలేదు, దగ్గరికి జరిగి నా మొహం రెండు చేతులతో పట్టుకుని అలా చూస్తూ కూర్చుంది.

ఆరాధన